సర్ఫ్ బోర్డు కొనబోయే ముందు: ఒక తాతగారి అనుభవం



గత మాసంలో విశాఖపట్నం నుంచి నా సహాధ్యాయి ఒకరు ఫోన్ చేశారు. ఆయన కూడా నావలెనే ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ప్రభుత్వ సేవలో తల నెరిసినవారే. కుశల ప్రశ్నలు ముగిసిన తరువాత, "మా మనవరాలు సర్ఫింగు నేర్చుకుంటానని పట్టుబట్టింది. పుట్టినరోజుకు బోర్డు కొనిపెట్టమంటోంది. మీ మనవడు అమెరికాలో ఆ ఆట ఆడుతున్నాడు గదా, ఏది కొనమంటావు?" అని అడిగారు.

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పుల గురించి వ్రాసే ఈ చోట సర్ఫ్ బోర్డు ప్రసక్తి ఏమిటని మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. కాని ఈ ఆట ఇప్పుడు పరాయిది కాదు. విశాఖ తీరంలోను, చెన్నై చేరువలోని కోవళంలోను, కర్ణాటకలోని ముల్కిలోను దీనిని నేర్పేవారున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో సర్ఫింగుకు మొదటిసారిగా చోటు దక్కింది. మీ ఇంట్లోని పిల్లలు రేపు ఇదే కోరిక కోరవచ్చు. నా మిత్రుడు అడిగిన ప్రశ్నకు కొన్నేళ్ళ క్రితం నేను తప్పు సమాధానం చెప్పాను. ఆ తప్పు తాలూకు మచ్చ మా మనవడి ఎడమ కనుబొమపై నేటికీ ఉన్నది. కనుక ఈ వ్యాసం వ్రాయడానికి నాకు కొంత అర్హత, కొంత బాధ్యత ఉన్నాయని భావిస్తున్నాను.

సముద్రమంటే నా భయం

నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం ఉత్తరాంధ్ర తీరప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రులలో గడిచింది. మాఘ పౌర్ణమి స్నానాలు, కార్తిక వనభోజనాలు, కళాశాల విద్యార్థుల విహారయాత్రలు వచ్చాయంటే మాకు గుండెదడ. తడి బట్టలతో, ఇసుక అంటిన జుట్టుతో ఉన్న పిల్లలను జీపులలో, ఆటోలలో వేసుకొని తెచ్చేవారు. వారిలో కొందరిని బ్రతికించుకోగలిగాము. చాలామందిని బ్రతికించుకోలేకపోయాము. బయట వేచి ఉన్న తండ్రికి ఆ మాట చెప్పవలసిన పని నాదే అయ్యేది. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుచేత మా అమ్మాయిని నేను సముద్రం దరికి చేరనివ్వలేదు. సముద్రపు హోరు వినిపించే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు పాదాలు తడిసేంత వరకే అనుమతి ఉండేది. ఈత కూడా నేర్పించలేదు. ఈత వస్తే లోనికి పోతుందని నా భయం. అది పొరపాటని ఇప్పుడు తెలుసు. ఈత రాకపోవడం ఎవరినీ నీటికి దూరంగా ఉంచదు, నీటిలో పడిననాడు నిస్సహాయులను మాత్రం చేస్తుంది. ఆ పిల్ల పెద్దదై, చదువుకొని, పెళ్ళి చేసుకొని, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో స్థిరపడింది. అక్కడి నుంచి కొండలు దాటి గంటసేపు కారులో వెళితే శాంటా క్రూజ్ అనే సముద్రతీర పట్టణం వస్తుంది.

సర్ఫింగు చరిత్రలో ఆ ఊరికి గొప్ప పేరున్నది. 1885లో కాలిఫోర్నియాలోని ఒక పాఠశాలలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు స్థానికంగా దొరికే రెడ్‌వుడ్ మాను చెక్కలతో పలకలు చేయించుకొని, శాన్ లోరెంజో నది సముద్రంలో కలిసే చోట అలలపై స్వారీ చేశారు. అమెరికా ప్రధాన భూభాగంలో ఈ ఆటకు అదే తొలి ఆధారమని చెబుతారు. హవాయి ద్వీపవాసులకు మాత్రం ఇది తరతరాల విద్య. 1912 ఒలింపిక్ ఈత పోటీలలో స్వర్ణపతకం గెలిచిన డ్యూక్ కహనమోకు దీనిని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆయన స్వారీ చేసిన పలకలలో ఒకదాని పొడవు 16 అడుగులు, బరువు 50 కిలోలకు పైన. ఈ సంగతి గుర్తుంచుకోండి. అంతటి మహామహుడు ఎక్కినది పెద్ద పలక. మా మనవడు, మొదటి నెలలోనే, 6 అడుగులది కావాలన్నాడు.

నేను చేసిన తప్పు

2017 వేసవిలో మా శ్రీమతితో కలిసి అమ్మాయి ఇంటికి వెళ్ళాను. మనవడికి అప్పుడు 15 ఏళ్ళు, బరువు 62 కిలోలు. ఈత బాగా వచ్చు. వాడు శాంటా క్రూజ్‌లోని కవెల్స్ అనే తీరంలో, నేర్పేవారి దగ్గర, రెండు పాఠాలు పూర్తి చేశాడు. పుట్టినరోజుకు ఏమి కావాలని అడిగితే సర్ఫ్ బోర్డు అన్నాడు. వాళ్ళ అమ్మ వద్దంది. నేను సరేనన్నాను.

ఎందుకు సరేనన్నానో ఇప్పుడు దాపరికం లేకుండా చెబుతాను. మా అమ్మాయికి ఇవ్వనిదంతా ఆమె కొడుకుకు ఇచ్చి ఋణం తీర్చుకుందామనుకున్నాను. వయసు మళ్ళిన తండ్రులు చాలామంది చేసే పనే ఇది.

దుకాణంలో ఒక అమ్మాయి మా వాడిని మూడు ప్రశ్నలు అడిగింది. నీ బరువెంత? ఈత వచ్చునా? ఇప్పటికి ఎన్నిసార్లు అలల్లోకి దిగావు? సమాధానాలు విని, ఒక మూల నిలబెట్టి ఉన్న నీలిరంగు బోర్డును చూపించింది. 8 అడుగుల పొడవు, గుండ్రని ముక్కు, మందపాటి ఒళ్ళు, పైన మెత్తటి పొర. మా వాడి ముఖం చిన్నబోయింది. "తాతయ్యా, అది అద్దెకిచ్చే బోర్డు. చిన్నపిల్లలు వాడేది. అందరూ నవ్వుతారు" అన్నాడు తెలుగులో, ఆ అమ్మాయికి అర్థం కాకుండా.

వాడి చూపు గోడకు ఆనించిన తెల్లని బోర్డుపై ఉన్నది. 6 అడుగులు, సూదిగా ఉన్న ముక్కు, అద్దంలా మెరిసే ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, అడుగున కత్తుల్లాంటి మూడు రెక్కలు. ఇది వచ్చిన వారి కోసం అని ఆ అమ్మాయి మర్యాదగా రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. కొన్నాను.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పాలి. ఆసుపత్రిలో రోజూ, "మాత్రలొద్దు, సూదేయండి బాబూ" అనే రోగులను చూసేవాణ్ణి. మాత్రతో తగ్గే జ్వరానికి సూదిమందు ఎందుకని మందలించేవాణ్ణి. సూది గుచ్చితేనే వైద్యం జరిగినట్లు వారికి తృప్తి. ఆనాడు ఆ దుకాణంలో నేను ఆ రోగిలాగే ప్రవర్తించాను. తెలిసిన మనిషి సరైన మోతాదు చెబుతుంటే, చూపుకు ఘనంగా ఉన్నదానిని అడిగి మరీ తీసుకున్నాను.

తరువాత మూడు వారాలు వాడు ఆ బోర్డుపై ఒక్కసారి కూడా నిలబడలేదు. పడుకుంటే బోర్డు మునిగేది. చేతులు వేస్తే పక్కకు ఒరిగేది. అల వచ్చి వాడిని వదిలేసి ముందుకు పోయేది. పాఠాలలో అద్దె బోర్డుపై రెండుమూడుసార్లు లేచి నిలబడిన పిల్లవాడు తన బోర్డుపై లేవలేక, "నాకు ఈ ఆట రాదేమో తాతయ్యా" అనసాగాడు. తప్పు వాడిలో లేదు, నేను కొన్న బోర్డులో ఉన్నది. ఆ సంగతి వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

నాలుగో వారం ఒక శనివారం ఉదయం. నడుము లోతు నీరు. అల విరిగి నురగగా వస్తున్నది. వాడు పడ్డాడు, మునిగాడు, లేచాడు. కాలికి కట్టిన తాడు సాగి, బోర్డు వెనక్కు వచ్చి, దాని ముక్కు ఎడమ కనుబొమపై తగిలింది. ఒడ్డున కూర్చున్న నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. వాడు ముఖానికి చేయి అడ్డం పెట్టుకొని నడిచి వస్తున్నాడు, వేళ్ళ సందుల నుంచి నెత్తురు కారుతున్నది.

కొన్ని వేల గాయాలకు కుట్లు వేసిన చేతులివి. ఆనాడు తువ్వాలును గాయంపై అదిమి పట్టుకోవడం తప్ప వాటికి మరొక పని లేకపోయింది. అత్యవసర విభాగంలో ఒక యువ వైద్యురాలు ఏడు కుట్లు వేసింది. దెబ్బ అర అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆమె ఆ మాట అనలేదు, నేనే అనుకున్నాను. మా అమ్మాయి బయట వరండాలో కూర్చుని ఉన్నది. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నాన్నగారూ, నన్ను మోకాలి లోతు కూడా దిగనివ్వలేదు మీరు. వాడికి మాత్రం అడిగిందల్లా కొనిపెట్టారు. రెండూ ఒకటే. మీరు ఆగి ఆలోచించలేదు" అన్నది.

ఆమె మాటకు నా దగ్గర సమాధానం లేదు. భయంతో నిషేధించడం, ప్రేమతో అన్నింటికీ తలూపడం, రెండింటిలోను ఎదుటి మనిషి అవసరమేమిటో చూడకపోవడమే ఉన్నది.

బోర్డు మోతాదు

గాయం మానుతున్న రోజుల్లో నేను ఈ విషయం శ్రద్ధగా చదివాను. కుట్లు విప్పిన తరువాత ఆ దుకాణానికే మళ్ళీ వెళ్ళి, ఆ అమ్మాయినే అడిగి తెలుసుకున్నాను. నాకు అర్థమైనది ఇది.

సర్ఫ్ బోర్డుకు పొడవు, వెడల్పు, మందం కాక, ఘనపరిమాణం అనే నాలుగో కొలత ఉంటుంది. దానిని లీటర్లలో చెబుతారు. చాలా బోర్డులపై వ్రాసి ఉంటుంది. ఇది మనం చిన్నప్పుడు చదువుకున్న ఆర్కిమెడీస్ సూత్రమే. ఒక లీటరు సముద్రజలం బరువు ఒక కిలోకు కొంచెం ఎక్కువ. 80 లీటర్ల బోర్డు పూర్తిగా మునగాలంటే దానిపై సుమారు 80 కిలోల బరువు మోపాలి, అందులో బోర్డు బరువూ కలిసే ఉంటుంది. మా వాడికి నేను కొన్న 6 అడుగుల బోర్డు 30 లీటర్లకు మించదు. 62 కిలోల పిల్లవాడు దానిపై పడుకుంటే అది నీటి అడుగుకు పోక ఏమి చేస్తుంది?

మనిషి శరీరం దానంతట అది కూడా నీటిలో ఇంచుమించుగా తేలుతుంది గదా అని మీరు అడగవచ్చు. తేలుతుంది, కాని నీటిలో మునిగి తేలుతుంది. సర్ఫింగులో నీటిపై జారాలి. అల మనలను తోసుకొనిపోవాలంటే, అది వచ్చేసరికి మనం దాని వేగానికి చేరువలో ఉండాలి. సగం మునిగిన బోర్డును చేతులతో ఎంత ఈడ్చినా ఆ వేగం రాదు. నైపుణ్యం గలవారు అల విరిగే సరైన చోటును, సరైన క్షణాన్ని ఎరిగి ఉంటారు కనుక చిన్న బోర్డుతో నెట్టుకొస్తారు. కొత్తవారికి ఆ ఎరుక లేదు. ఆ లోటును పెద్ద బోర్డు పూరిస్తుంది.

కనుక కొత్తవారికి కనీసం తమ బరువు ఎన్ని కిలోలో అన్ని లీటర్ల బోర్డు ఉండాలి. మరికొంత ఎక్కువైనా మేలే. పొడవు మన ఎత్తు కంటే రెండు మూడు అడుగులు ఎక్కువ ఉండాలి. మధ్యరకం ఒళ్ళున్న పెద్దవారికి 8 అడుగులు, భారీ మనిషికి 9 అడుగులు, చిన్నపిల్లలకు 6, 7 అడుగుల మెత్తటి బోర్డులు సరిపోతాయి. వెడల్పు 22 అంగుళాలకు తగ్గకుండా, మందం 3 అంగుళాలకు తగ్గకుండా, ముక్కు గుండ్రంగా ఉండాలి. వెడల్పు ఎంత ఎక్కువైతే పక్కకు ఒరగడం అంత తక్కువ. పీట వెడల్పుగా ఉంటే కూర్చున్నవాడు పడిపోడు, అంతే.

పెద్ద బోర్డుకు లోపాలు లేకపోలేదు. మోయడం కష్టం, చంకలో ఇమడదు. ఎదురుగా వచ్చే పెద్ద అల కిందికి దానిని ముంచి దాటిపోవడం సాధ్యం కాదు. అయితే కొత్తవారు ఉండవలసినది నడుము లోతు నీటిలో, విరిగిన అలల నురగలోనే. పెద్ద బోర్డు వారిని అంతకంటే లోనికి సులభంగా పోనివ్వదు. ఒక వైద్యునిగా నేను దీనిని లోపం కింద లెక్కించను, రక్షణ కింద లెక్కిస్తాను.

మెత్తదనం ఎందుకు

సర్ఫింగు గాయాలపై జరిగిన పరిశోధనలలో కొట్టవచ్చినట్లు కనిపించే విషయం ఒకటున్నది. సొరచేపల గురించి అందరూ భయపడతారు గాని, గాయాలలో అధిక భాగం ఆడేవారి సొంత బోర్డు తగలడం వలన కలిగేవే. అందులోను కోతగాయాలు ఎక్కువ. తల, ముఖం, కాళ్ళు తరచు దెబ్బతింటాయి. బోర్డు ముక్కు గుచ్చుకుంటుంది, అడుగున ఉండే రెక్కలు కోస్తాయి.

అందుచేత తొలి బోర్డు మెత్తటిదే కావాలి. దీని లోపలిది మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థం వంటిదే, మరింత గట్టిపరచినది. మధ్యలో నిలువునా చెక్క బద్దీలు ఉండి వంగకుండా కాపాడతాయి. పైన స్పాంజి వంటి మెత్తని పొర, అడుగున నున్నని ప్లాస్టిక్ పొర ఉంటాయి. రెక్కలు కూడా వంగే ప్లాస్టిక్‌తో చేసినవి తీసుకోవాలి. ఇది తగిలితే బొప్పి కట్టవచ్చు. అసలు దెబ్బే తగలదని మాత్రం అనుకోకండి, 8 అడుగుల వస్తువును అల విసిరితే మెత్తటిదైనా నొప్పి పుడుతుంది.

ఇక కాలికి కట్టే తాడు. ఆంగ్లంలో దీనిని లీష్ అంటారు. వెట్‌సూట్లకు పేరుగాంచిన జాక్ ఓనీల్ శాంటా క్రూజ్‌లో నివసించేవాడు. 1970ల ఆరంభంలో ఆయన కుమారుడు బోర్డు కొట్టుకొనిపోకుండా కాలికి కట్టుకునే తాడును ప్రవేశపెట్టాడు. అందుకు మొదట వాడినది శస్త్రచికిత్సలలో ఉపయోగించే రబ్బరు గొట్టం. అది బాగా సాగుతుంది, సాగినంత బలంగా వెనక్కు లాగుతుంది. అలా వెనక్కు దూసుకొచ్చిన బోర్డు తగిలి జాక్ ఓనీల్ ఎడమ కన్ను పోయింది. తరువాతి కాలమంతా ఆయన నల్లని కంటిగంతతోనే కనిపించేవాడు. ఇప్పటి తాళ్ళు అంతగా సాగని యూరిథేన్‌తో చేస్తున్నారు. అయినా అవి సాగుతాయి, మా మనవడి కనుబొమ అందుకు సాక్షి. రెండు కథల్లోను ఎడమ వైపే కావడం, ఒకచోట కన్ను పోవడం, ఒకచోట మిగలడం తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

తాడు పొడవు సుమారుగా బోర్డు పొడవంత ఉండాలి. నిలబడినప్పుడు వెనుక ఉండే కాలి చీలమండకు కట్టుకోవాలి. పడిన తరువాత నీటిలో నుంచి లేచేటప్పుడు రెండు చేతులు తలకు, ముఖానికి అడ్డం పెట్టుకొని లేవాలి. ఈ ఒక్క అలవాటు మా వాడికి ఉండి ఉంటే ఏడు కుట్లు తప్పేవి. తాడు తెగిపోవచ్చు కూడా. కనుక దానిని ప్రాణరక్షణ సాధనమని భావించరాదు. ఈత రానివారు సర్ఫ్ బోర్డు కొనరాదు. ముందు ఈత, తరువాత బోర్డు.

కొత్తవారికే వచ్చే ఒక ప్రమాదం

వైద్యునిగా మీకు తప్పక చెప్పవలసినది ఇంకొకటున్నది. 2004లో హవాయి వైద్యులు ఒక విచిత్రమైన వ్యాధిని వర్ణించారు. ఆరోగ్యవంతులైన యువకులు, చాలామంది మొదటిసారి సర్ఫింగుకు వెళ్ళినవారు, ఏ దెబ్బా తగలకుండానే నడుము నొప్పితో ఒడ్డుకు వచ్చారు. కొంతసేపటికే కాళ్ళు తిమ్మిరెక్కి, బలం తగ్గి, మూత్రం బంధించుకుపోయింది. కొందరు కోలుకున్నారు, కొందరికి కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. బోర్డుపై బోర్లా పడుకొని, తల, ఛాతీ పైకెత్తి, నడుమును వెనక్కు వంచి చాలాసేపు ఉండడం వలన వెన్నుపాముకు రక్తప్రసరణ తగ్గడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు.

ఇది చాలా అరుదు. భయపడి ఆట మానవలసిన పని లేదు. కాని తెలిసి ఉండాలి. మధ్య మధ్య బోర్డుపై లేచి కూర్చోవాలి, లేదా ఒడ్డుకు వచ్చి విశ్రాంతి తీసుకోవాలి. వెడల్పైన బోర్డుపై కొత్తవారు కూడా సులభంగా కూర్చోగలరు, చిన్న బోర్డుపై కూర్చోలేరు. పెద్ద బోర్డును నేను సమర్థించడానికి ఇది మరొక కారణం. సర్ఫింగు చేస్తుండగా నడుము నొప్పి గాని, కాళ్ళలో తిమ్మిరి గాని మొదలైతే, "ఇంకొక్క అల" అనకుండా వెంటనే బయటకు రావాలి. కాళ్ళ బలం తగ్గినా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ దీపస్తంభం దగ్గర

ఆ వేసవి చివరలో తెల్ల బోర్డును అమ్మివేసి, మొదట చూపించిన నీలి బోర్డునే కొన్నాము. ఈసారి మా వాడే మోసుకొచ్చి డబ్బు చెల్లించే బల్ల దగ్గర పెట్టాడు. మరుసటి వారం కవెల్స్ తీరంలో, మొదటి అరగంటలోనే, దానిపై నిలబడ్డాడు. ఒడ్డు దాకా వచ్చి దిగి, నా వైపు చూసి చేయి ఊపాడు.

ఆ తీరం పక్కనే కొండకొమ్మున ఇటుకలతో కట్టిన చిన్న దీపస్తంభం ఉన్నది. అందులో 1986 నుంచి సర్ఫింగు ప్రదర్శనశాల నడుస్తున్నది. పాత పలకలు చూద్దామని లోనికి వెళ్ళాను. ఆ కట్టడం మార్క్ అబ్బట్ అనే పిల్లవాడి స్మృతిచిహ్నమని అక్కడే తెలిసింది. 1965లో, 18 ఏళ్ళ వయసులో, అతడు ఆ సముద్రంలోనే మునిగి మరణించాడు. తల్లిదండ్రులు ఆ దీపస్తంభాన్ని కట్టించి ఊరికి ఇచ్చారు.

నేను బయటకు వచ్చి చాలాసేపు నిలబడిపోయాను. నా ఆసుపత్రి వరండాలో వేచి ఉన్న తండ్రులందరూ గుర్తుకు వచ్చారు. కొడుకును మింగిన సముద్రానికి ఎదురుగా ఆ తల్లిదండ్రులు గోడ కట్టలేదు, దీపం పెట్టారు. అందులో ఇప్పుడు కొత్త పిల్లలు పలకల చరిత్ర తెలుసుకుంటున్నారు. సముద్రం గురించి నా ఉద్యోగం నాకు సగమే నేర్పింది. మిగిలిన సగం ఆ దీపస్తంభం దగ్గర నేర్చుకున్నాను.

కొనేవారికి సంక్షిప్తంగా

• ముందు ఈత నేర్చుకోండి. తరువాత శిక్షకుల వద్ద కనీసం నాలుగైదు పాఠాలు, అద్దె బోర్డుపై. అప్పటికీ ఇష్టం నిలిచి ఉంటేనే కొనండి.

• దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ సరైన బరువు తెలుసుకొని వెళ్ళండి. పది కిలోలు తగ్గించి చెబితే నష్టపోయేది మీరే.

• పొడవుగా, వెడల్పుగా, మందంగా, మెత్తగా ఉన్నది తీసుకోండి. రంగు, బొమ్మలు, విజేతల పేర్లు చూసి కొనవద్దు.

• వాడిన బోర్డు కొంటే ఒళ్ళంతా బొటనవ్రేలితో నొక్కి చూడండి. పగుళ్ళు, ఉబ్బులు, పొర ఊడిన చోట్లు ఉండరాదు. ఉండవలసిన దానికంటే బరువుగా తోస్తే లోపల నీరు చేరిందన్నమాట. తాడు కట్టే చోటును గట్టిగా లాగి చూడండి.

• మన ఎండలకు మూసిన కారులో గాని, ఇసుకపై గాని బోర్డును వదలవద్దు. వేడికి లోపలి గాలి వ్యాకోచించి పొర ఊడిపోతుంది.

• మన సముద్రం వెచ్చన, వెట్‌సూట్ అక్కరలేదు. కాని బోర్డు రాపిడికి ఛాతీ, పొట్ట ఒరుసుకుపోతాయి. పొడుగు చేతుల బిగుతైన ఈత చొక్కా అటు రాపిడి నుంచి, ఇటు ఎండ నుంచి కాపాడుతుంది. చల్లని నీటి దేశాల్లో ఏళ్ళ తరబడి ఆడేవారికి చెవి మార్గంలో ఎముక పెరిగి వినికిడి తగ్గవచ్చు. వారు చెవి బిరడాలు వాడాలి.

• నీటిలో బోర్డును మీకు, అలకు మధ్య అడ్డంగా ఉంచవద్దు. అల దానిని తెచ్చి మీ ముఖానికి కొడుతుంది. బోర్డును పక్కన ఉంచి, ముక్కును అల వైపు తిప్పి పట్టుకోండి.

• బంగాళాఖాతపు తీరంలో ఒడ్డు నుంచి లోనికి లాగే ప్రవాహాలు ఉంటాయి. ఒంటరిగా దిగవద్దు. ప్రవాహం లాగితే దానికి ఎదురీదక, బోర్డును వదలక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదలండి. చేయి ఎత్తి సహాయం కోరండి.

• మూర్ఛవ్యాధి, అదుపులో లేని గుండెజబ్బు, భుజం కీలు తరచు తొలగే బాధ ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా దిగరాదు.

నా మిత్రునికి ఫోన్లో ఇవన్నీ చెప్పాను. అంతా విని, "మా మనవరాలు ఆ మెత్తటిది చూసి మూతి ముడిస్తే?" అన్నాడు. "ముడవనీ. మూతి ముడుపుకు కుట్లు అక్కరలేదు" అన్నాను.

మా మనవడిప్పుడు పెద్దవాడయ్యాడు. క్రమంగా 7 అడుగుల బోర్డుకు, ఆపైన 6 అడుగులదానికి మారాడు. వాడి శరీరం, విద్య అందుకు తగినట్లు ఎదిగాయి. నీలి బోర్డును మాత్రం అమ్మలేదు. దాని కథ మరొకలా సాగింది. కొడుకు గాయపడిన ఏడాదే మా అమ్మాయి, 42 ఏళ్ళ వయసులో, ఈతకొలనులో పేరు నమోదు చేయించుకున్నది. నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. తరువాత మేము వెళ్ళినప్పుడు నన్ను శాంటా క్రూజ్‌కు తీసుకువెళ్ళింది. నీలి బోర్డును నెత్తిన పెట్టుకొని, కొడుకు తోడుగా, నడుము లోతు నీటిలోకి దిగింది. నిలబడలేదు, నిలబడే ప్రయత్నమూ చేయలేదు. బోర్లా పడుకొని, నురగ తోసుకొస్తుంటే, పెద్దగా నవ్వుతూ ఇసుక దాకా వచ్చింది.

నేను చిన్నప్పుడు వినవలసిన నవ్వు అది. ఆలస్యంగానైనా విన్నాను. ఇక మీ ఇంట్లో పిల్లలు సముద్రం అడిగితే, వద్దనకండి, ఊరికే సరేననకండి. ఈత నేర్పించండి, బరువు తూచండి, తగిన బోర్డు కొనండి, ఒడ్డున కూర్చుని కనిపెట్టి ఉండండి.

అందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక.